దక్షిణాన ఒక్క అడుగు

నవంబర్ 3, సోమవారం

పొద్దున లేచి వెళ్ళేసరికి మా కొత్త గోడ మీద ఎర్ర గీత ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా, చెయ్యి వణకని మనిషెవరో గీసినట్టు.

మిగతా మూడు గోడలూ మోకాలి ఎత్తే ఉన్నాయి. దక్షిణపు గోడ ఒక్కటే కిటికీలు దాటి పైకి లేచింది. మేస్త్రి బిక్షపతి మామ పద్ధతి అది. నైరుతి మూల ముందు లేవాలి, దక్షిణం బరువుండాలి, ఉత్తరం ఖాళీ ఉండాలి అంటాడు. అందుకే ఉత్తరాన అయిదున్నర అడుగులు వదిలి ఇంటిని దక్షిణానికి నెట్టాడు. ఆ గోడ లోపలిది నా గది. మా ఇంట్లో ఒక మనిషికంటూ గది ఉండటం ఇదే మొదలు.

గీత కింద ఒక కాగితం అతికించి ఉంది. బా దాన్ని ముట్టుకోలేదు. మార్కెట్ యార్డులో రోజూ మక్కల బస్తాలు మోసే మనిషి, కాగితం దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్వు సదువు బిడ్డా."

చదివాను. దక్షిణ దిశలో వదలవలసినది ఒక మీటరు, వదిలినది ఒక అడుగు. స్వీయ ధ్రువీకరణకు విరుద్ధం. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. లేకపోతే కట్టడాన్ని తొలగిస్తారు.

"ఏమన్నరే?" అని అడిగింది యాడి.

"గోడ కూలగొడ్తరట."

యాడి నెత్తి మీది గంప దించలేదు. దాంతోనే నిలబడింది. (అమ్మ అని రాస్తే ఇంకెవరి అమ్మో అనిపిస్తుంది. యాడి అనే రాస్తాను, నాన్నను బా అనే. ఇంట్లో మాట్లాడేది మా లంబాడీ మాటే. దానికి లిపి లేదు కాబట్టి అందరి మాటలూ తెలుగులోకి మార్చి రాస్తున్నాను.)

"నువ్వు ఆన్‌లైన్ల అన్నీ సరిగ్గ పెట్టినవ్ గదా?" అన్నాడు బా.

"పెట్టిన బా."

పెట్టాను. ఫారంలో అన్నీ సరిగానే ఉన్నాయి.

ఇది ఎవరి పనో నాకు తెలుసు. ఆ ఒక్క అడుగు సందుకు అవతల వెంకట్రాజం సేటు ఇల్లు. కిరాణా హోల్‌సేల్ దుకాణం ఆయనది. గోడ లేచిన రోజు బాను పట్టుకుని, "ఏందిరా అమర్‌సింగ్, నా ఇంటికి ఒరిగి పండుకుంటవా?" అన్నాడు. అందరూ నవ్వారు. బా కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

ఫిర్యాదు ఆయనే ఇచ్చి ఉంటాడు. ఈ గోడ కూలనివ్వను.

సంజాయిషీ. ఎంత మెత్తగా పలుకుతుందీ మాట! అర్థం మాత్రం మెత్తనిది కాదు. మాటల నోట్‌బుక్కులో రాసుకున్నాను.


నవంబర్ 4, మంగళవారం

కాలేజీకి మానుకోట రైల్లో నిలబడే వెళ్ళాను. మొదటి రెండు క్లాసులు విన్నాను. తర్వాత కాలేజీ ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌లో కూర్చుని భవన నియమాలు మొత్తం చదివాను. మొత్తం అంటే మొత్తం. మా స్థలం నూట యాభై గజాలు, అంటే నూట ఇరవై అయిదు చదరపు మీటర్లు. అంత స్థలంలో రోడ్డు వైపు మీటరున్నర వదలాలి, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు. ఎత్తుకు ఒక హద్దు ఉంది. మనం కొన్న నేల మీద కూడా మనది కాని ఖాళీ కొంత ఉంటుందన్నమాట.

ఒక వైపు తగ్గించి ఇంకో వైపు పెంచుకోవచ్చని ఒకచోట ఉంది. అది చూడగానే లేచి నిలబడ్డాను. తర్వాతి వాక్యం చదివి కూర్చున్నాను. అది పెద్ద స్థలాలకు. అప్పుడు కూడా ఏ వైపూ మీటరుకు తగ్గకూడదు.

సెట్‌బ్యాక్‌కు తెలుగు మాట వెతికాను. ఎక్కడా నచ్చింది దొరకలేదు. 'విడుపు' అని పెట్టుకున్నాను. గోడకీ హద్దుకీ మధ్య విడుపు.

సాయంత్రం మా కేసముద్రంలో దిగి సేటు ఇంటి చుట్టూ రెండుసార్లు నడిచాను. ఆయన ఉత్తరపు గోడ సరిగ్గా హద్దు మీదే ఉంది. విడుపు లేదు. ఒక్క అంగుళం లేదు!

రాత్రి అన్నానికి ముందే అర్జీ రాయడం మొదలుపెట్టి పూర్తి చేశాను. మూడు పేజీలు. "పొరుగువారి స్థలానికి ఆనించి, హద్దు నుండి వెంట్రుకవాసి కూడా వదలక నిర్మించుకొన్న వారే నేడు ఒక హమాలీ కుటుంబపు గోడను వేలెత్తి చూపుట న్యాయమా?" అని ఒక వాక్యం వచ్చింది. నేనే రాశానా అనిపించింది. యాడికి చదివి వినిపించాను. "మంచిగున్నది. అయితే గోడ ఉంటదా?" అంది.


నవంబర్ 5, బుధవారం

పౌర్ణమి, సెలవు. టేపు తీసుకుని సందులో దూరి కొలిచాను. ఒక అడుగు. మళ్ళీ కొలిచాను. ఒక అడుగే.


నవంబర్ 6, గురువారం

అర్జీ ఆఫీసులో ఇచ్చే ముందు సేటుకు చూపించాలనుకున్నాను. మీరు ఫిర్యాదు వెనక్కి తీసుకోండి, నేను ఇది చించేస్తాను అని చెప్పాలని. రైలెక్కే ముందు, ఆయన దుకాణానికి వెళ్ళే లోపు, ఎనిమిదింటికి వెళ్ళాను.

"ఎవరూ? అమర్‌సింగ్ బిడ్డవా? రా. చెప్పులు ఆడ్నే ఇడువు."

కూర్చోమన్నాడు. కూర్చోలేదు. అర్జీ చేతికిచ్చాను. కళ్ళద్దాలు ముక్కు చివరికి దించుకుని చదవసాగాడు. మధ్యలో ఆగి, "వెంట్రుకవాసి!" అన్నాడు పైకి. "అబ్బో. ఇంత తెలుగు మా బిడ్డ హిమజకు కూడ రాదు గదా. నా ఇల్లు కూలగొట్టుమని గింత సక్కగ రాసినోళ్ళు ఇప్పటిదాంక లేరు."

"మీరు ఫిర్యాదు వాపస్ తీసుకుంటే నేను ఇది ఇయ్యను సేటూ."

"ఏం ఫిర్యాదు?"

అప్పటికి ఆయన భార్య సునంద గారు వంటింట్లోంచి వచ్చారు. చేతులకు పిండి ఉంది. "నువ్వు ఇటు రామ్మా" అని నన్ను లోపలికి తీసుకెళ్ళారు.

పొద్దున ఎనిమిది గంటలకు వంటింట్లో లైటు వెలుగుతోంది. ఆవిడ చెయ్యి పెట్టి కిటికీ రెక్క తీశారు. ఎదురుగా మా గోడ. ఇటుకల మధ్య నుంచి బయటికి వచ్చిన సిమెంటు ముద్దలు గట్టిపడి ఉన్నాయి. చెయ్యి చాపితే తగులుతుంది. మా గోడను వాళ్ళ వంటింట్లోంచి నేను ఎప్పుడూ చూడలేదు.

"గిదొక్కటే నా కిటికీ. ఇరవై ఏండ్ల సంది గాలి గిండ్లకెల్లే వచ్చేది. ఇప్పుడు మిరపకాయ పోపు ఏస్తే ఆ ఘాటు ఏడికి పోవాలె? నా ముక్కులకే పోతుంది."

నేను కిటికీలోంచి చెయ్యి చాపి మా ఇటుకను ముట్టుకున్నాను.

"మీ నాయినతోని అన్న. జర జరిపి కట్టుకోరాదు అమర్‌సింగ్ అని. మా బిడ్డ పర్మిషన్ తెచ్చిందక్కా, అంత కొలతల ప్రకారమే అన్నడు. సదువుకున్న పిల్ల తెచ్చిందంటే ఇగ నేనేమంట?"

సేటు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "కంప్లెయింట్ ఇయ్యుమని ఈమె రోజూ నా పానం తీస్తుంది. నేనే వద్దన్న. నా గోడ హద్దు మీదున్నది నాకు ఎరుక లేదా? మేము కట్టిననాడు గిది పంచాయతి. అడిగినోడు లేడు, చెప్పినోడు లేడు. ఏం మొఖం పెట్టుకొని పోవాలె నేను?"

అర్జీ మడిచి తిరిగి ఇచ్చాడు. "దాసుకో. మంచిగ రాసినవ్."

ఆయన అబద్ధం చెబుతుండవచ్చు. వ్యాపారస్తుడు కదా. రేపు ఆఫీసులోనే అడుగుతాను.

రైలు తప్పిపోయింది. బస్సులో వెళ్ళాను. క్లాసులో రాసుకున్నది ఒక్క ముక్క లేదు.


నవంబర్ 7, శుక్రవారం

ఎవరూ ఫిర్యాదు ఇవ్వలేదు.

మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ చూసే మేడం నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది, అంతే. ఎవరి ఫిర్యాదు అని గట్టిగానే అడిగాను. ఆమె కోప్పడలేదు. ఒక జాబితా తిప్పి చూపించింది. స్వీయ ధ్రువీకరణ మీద అనుమతి తీసుకున్న ఇళ్ళన్నీ వరుసగా చూసుకుంటూ వస్తున్నారు. మాది పద్నాలుగోది. అంతే.

తర్వాత మా ఫారం తీసింది. నాలుగు దిక్కులకూ నాలుగు గడులు. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. దక్షిణం గడిలో ఒకటి, చుక్క, రెండు సున్నాలు.

"ఇది నింపింది ఎవరు?"

"నెట్ సెంటర్ల మేడం."

"నేను యాడ అని అడగలే. ఎవరు అని అడిగిన."

"నెట్ సెంటర్ వాళ్ళే."

ఆమె ఫారం పక్కన పెట్టింది. "సూడు చెల్లే. సోమవారం పది గంటల దాంక టైముంది. మీకు మీరే గోడ జరుపుకుంటే నేను వచ్చి కొలిచి, ఫారం సరిచేసి పంపిస్త. ఎవ్వరికీ నష్టం లేదు. గట్ల గాక దాని మీద కప్పు ఏసిన్రనుకో, తెలిసి చేసినట్టు లెక్క. అప్పుడు నోటీసు గూడ ఉండదు, గోడొక్కటే పోదు. మీ నాయినకు మంచిగ సమజ్ చెయ్యి."

చేస్తానన్నాను.

ఇంటికొచ్చేసరికి బిక్షపతి మామ బా పక్కన ఇటుకల కుప్ప మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"రేపు రెండో శనివారం, ఎల్లుండి ఐతారం. రెండు రోజులు ఆఫీసు బందు. నేను నలుగురు మేస్త్రీలను తెస్త, నువ్వు నీ హమాలోళ్ళను తే. ముందుగాల రెండు అర్రలు లేపి రేకులు ఏసేద్దాం. ఐతారం పొద్దుమూకక ముందే పొయ్యి అంటిచ్చి పాలు పొంగియ్యుర్రి. పాలు పొంగిన ఇంటిని ఎవడు ముడుతడన్నా? ఈ లైన్ల ఎన్ని ఇండ్లు గిట్ల లేసినయో నేను చెప్పాల్నా?"

బా నా వైపు చూశాడు. "ఆఫీసుల ఏమన్నరు బిడ్డా?"

"జాబితా ప్రకారం వచ్చిన్రట. ఎవ్వరు కంప్లెయింట్ ఇయ్యలేదట."

"ఇగ సూడు!" అన్నాడు బిక్షపతి మామ. "ఎవ్వడు ఇయ్యలేదు. ఊకె బెదిరిచ్చుడు."

నేను చెప్పినంత వరకు నిజమే. మిగతాది చెప్పలేదు.

ఇప్పుడు రాస్తాను. రాయకపోతే ఈ డైరీ ఎందుకు?

ఫారం నింపిన రోజుకు బిక్షపతి మామ పునాదికి ముగ్గు పోసి రెండు రోజులైంది. దక్షిణాన అడుగే వదిలాడని నాకు తెలుసు. ముగ్గు పోసేటప్పుడు తాడు రెండో చివర పట్టుకున్నది నేనే. నెట్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నది నేను, మీటలు నొక్కింది నేను. దక్షిణం గడిలో మొదట ఉన్నదే కొట్టాను. సున్నా, చుక్క, మూడు. ఎర్ర అక్షరాలు వచ్చాయి. పేజీ ముందుకు కదలలేదు. మళ్ళీ కొట్టాను, మళ్ళీ ఎర్ర అక్షరాలు. బయట బా నిలబడి ఉన్నాడు, పని మానుకుని వచ్చాడు. అప్పుడు ఒకటి కొట్టాను. పేజీ కదిలింది. చివర్లో 'పైన తెలిపిన వివరాలన్నీ నిజమని నేను ధ్రువీకరిస్తున్నాను' అని ఉంది. ధ్రువీకరిస్తున్నాను అనే మాట నాకు అంతకుముందు తెలియదు. ఎంత బాగుందీ మాట అనుకున్నాను. అనుకుంటూనే దాని పక్కన టిక్కు పెట్టి, బా పేరు కొట్టాను. బా ఫోనుకు వచ్చిన నంబరు కూడా నేనే ఎక్కించాను.

అనుమతి కాగితం ఆ రోజే వచ్చింది. బా దాన్ని యార్డుకు తీసుకెళ్ళి తోటి హమాలీలకు చూపించాడు. "మా పిల్ల తెచ్చింది. ఒక్క రూపాయి ఎవ్వనికి ఇయ్యలే, ఒక్క దినం తిరగలే."

ఆ మాట వినడం నాకు చాలా ఇష్టమైంది. గోడ లేస్తున్న రోజుల్లో కూడా.


నవంబర్ 8, శనివారం

ఏడు గంటలకే ట్రాక్టరులో రేకులు వచ్చాయి. బా యార్డు స్నేహితులు ఏడుగురు వచ్చారు. కూలికి కాదు, అమర్‌సింగ్ ఇల్లు లేస్తోందని. యాడి అందరికీ చాయ్ పోస్తోంది. బిక్షపతి మామ దక్షిణపు గోడ మీద కూర్చుని సూత్రపు దారం కడుతూ పాట పాడుతున్నాడు.

రాత్రంతా అనుకున్న వాక్యాలు చాలా ఉన్నాయి. "బా, నాది ఒక పొరపాటు" అని మొదలయ్యేవి. ఒక్కటీ పనికిరాలేదు.

వెళ్ళి ట్రాక్టరు ట్రాలీ వెనక తలుపు మీద చెయ్యి పెట్టి, "రేకులు దించకుర్రి" అన్నాను.

"ఎందుకట?" అన్నాడు బిక్షపతి మామ పైనుంచి.

"బా, ఫారంల దక్షిణం వైపు మీటరు అని నేనే రాసిన. అడుగని ఎరుకుండే రాసిన. నెట్ సెంటరోళ్ళు కాదు, నేను. దీని మీద కప్పు ఏస్తే గోడొక్కటే కాదు, ఇల్లంత పోతది. నోటీసు గూడ ఇయ్యరు. మేడం నిన్ననే చెప్పింది. నేను నీకు చెప్పలే."

బిక్షపతి మామ ఒక్కడే నవ్వాడు.

"అందరు గట్లనే రాస్తరు పిల్లా! కాయితం కాయితమే, గోడ గోడనే. నువ్వు కాలేజీల సదివినంక ఇటుకలకు గూడ సంతకం అడిగేటట్టున్నవ్."

ఒకరిద్దరు నవ్వారు. బా నవ్వలేదు.

"నేను అడిగిన గదా నిన్ను" అన్నాడు బా. అరవలేదు. "ఎర్ర గీత సూసిననాడు అడిగిన. సరిగ్గ పెట్టినవా అని."

"అడిగినవ్."

"నువ్వు సదివి చెప్పినవంటే నేను దాని మీద ఇంకొకల్లను అడగలే. గాడ సంతకం ఎవరిది?"

"నీది."

"నా పేరు మీద అబద్ధం చెప్పినవ్."

ట్రాక్టరు మీంచి చెయ్యి తీశాను.

బా ట్రాక్టరు డ్రైవర్ దగ్గరికి వెళ్ళి, "రేకులు మలుపుకపో తమ్మీ, దుకాణంల పెట్టుమను" అన్నాడు. బిక్షపతి మామ గోడ దిగి వచ్చాడు. సూత్రం చుట్టుకుంటూ, "నేను ముప్పై ఏండ్ల సంది కడుతున్నన్నా. దక్షిణం గింత ఇడిశిపెట్టి కట్టిన ఇల్లు నా చేతి కింద లేదు. నీ బిడ్డ మాట ఇంటవా, నా మాట ఇంటవా?" అన్నాడు.

"నీ మాట ఇంటే నా ఇల్లు ఉంటదా?"

"అది నేనెట్ల చెప్పాలె?"

"గదే" అన్నాడు బా.

బిక్షపతి మామ తాపీ కడిగి సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. తోటి హమాలీలు గ్లాసులు కింద పెట్టి ఒక్కొక్కరే లేచారు. వాళ్ళలో ఒకాయన, మా వీధి సోమక్క భర్త, పోతూ పోతూ నా నెత్తి మీద చెయ్యి వేసి వెళ్ళాడు. ఎందుకో అప్పుడే ఏడుపు వచ్చింది.

బా రోజంతా నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం పనికి వెళ్ళాడు, సెలవు పెట్టిన మనిషి.

యాడి సాయంత్రం గోడ దగ్గరికి వెళ్ళి దాన్ని చేత్తో తడిమి చూసింది. "ఎన్ని నీళ్ళు పోసిన దీనికి. దినాం రెండుసార్లు" అంది. అంతే అంది.


నవంబర్ 9, ఆదివారం

నేను పొద్దున్నే మూడు దారులు కాగితం మీద గీశాను.

మీటరంటే మూడడుగుల మూడంగుళాల పైచిలుకు. మూడడుగుల నాలుగంగుళాలు పెట్టుకుంటే భయం లేదు. మొదటి దారి: దక్షిణపు గోడ లోపలికి జరిపి, ఉత్తరపు గోడ అంతే బయటికి జరపడం. ఇల్లు అంతే ఉంటుంది, కాని ఉత్తరాన విడుపు దక్షిణం కంటే తక్కువవుతుంది, మీటరుకు కూడా కాస్త తగ్గుతుంది. యాడి ఒప్పుకోదు, వేరే మేస్త్రీ ఎవరూ ఒప్పుకోరు. రెండోది: రెండు వైపులా సమానం, అప్పుడూ మీటరుకు వెంట్రుకవాసి తక్కువే. దానికీ ఒప్పుకోరు. మూడోది: ఉత్తరం ఉన్నచోటే ఉంచి, దక్షిణపు గోడ ఒక్కటే రెండడుగుల నాలుగంగుళాలు లోపలికి తేవడం. ఇక్కడ ఎవరి నమ్మకానికీ అడ్డు లేదు. నా గది ఒక్కటే పదడుగుల నుంచి ఏడడుగుల ఎనిమిదంగుళాలకు తగ్గుతుంది.

కాగితం బా ముందు పెట్టాను. తీసుకోడనుకున్నాను. తీసుకుని, గీతల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"గిదేంది?"

"నా అర్ర."

"గింతేనా?"

"మంచం అడ్డంగ ఏస్తే నడిచే జాగ ఉండదు. పొడుగుకు ఏసుకుంట."

బా కాగితం మీదనుంచి తల ఎత్తకుండా, "తప్పు ఎవరు చేస్తే అర్ర వాళ్ళదే తగ్గుతది. మంచిగనే ఉన్నది నీ లెక్క" అన్నాడు.

యాడి పొయ్యి దగ్గర నుంచి కిసుక్కున నవ్వింది. "తండాల మనిల్లు మొత్తం గంతే ఉండే. అండ్ల ఆరుగురం పండుకున్నం. దీనికి ఒక్కదానికి చాలదా?"

శనివారం తర్వాత బా నాతో అన్న మొదటి పూర్తి మాట, 'మంచిగనే ఉన్నది నీ లెక్క'. నేనేం రాసినా ఆ మాట ముందు తక్కువే.

బా మధ్యాహ్నం బిక్షపతి మామ ఇంటికి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. వచ్చి, "రానంటున్నడు. వేరే మేస్త్రిని మల్ల సూద్దాం. కూల్చుటానికి మేస్త్రి ఎందుకు, హమాలోళ్ళం ఉన్నం" అన్నాడు. ఇటుకలు పగలకుండా ఒక్కొక్కటే విప్పాలట. సిమెంటు గీకితే సగానికి పైన మళ్ళీ పనికొస్తాయట.

ఇటుకలు పెట్టడానికి చోటు లేదు. సందు ఇరుకు. సునంద గారిని అడగడానికి వెళ్ళాను. వాళ్ళ వెనక వాకిట్లో పెట్టుకోమన్నారు. సేటు లోపలి నుంచి, "నా గోడకు ఆనిచ్చి మాత్రం పెట్టకుర్రి, వెంట్రుకవాసి ఇడువుర్రి!" అని అరిచాడు. నవ్వాలో వద్దో తెలియలేదు. నవ్వాను.

సేటు మీద రాసిన మూడు పేజీలు చించేశాను. మంచి వాక్యాలు ఉన్నాయి. ఉన్నా చించేశాను. వేరే కాగితం మీద మేడంకు సంజాయిషీ రాశాను. ఆరు వరుసలే వచ్చాయి. "ఫారంలో దక్షిణ దిశ కొలత తప్పు. తప్పని తెలిసే నింపాను. నింపింది మా నాయన అమర్‌సింగ్ కాదు, ఆయన కూతురు అఖిల. గోడ విప్పుతున్నాము" అని ఉంది అందులో. రెండోసారి చదివితే ఒక్క మాట కూడా మార్చాలనిపించలేదు.

మేడం ఒప్పుకుంటుందో లేదో. నా పేరు రాసినందుకు నాకేమైనా అవుతుందో. కాలేజీకి చెబుతారేమో. భయంగానే ఉంది. అయినా ఆ కాగితం మార్చను.

బా అక్షరాలు చదవలేడు గాని అంకెలు చదవగలడు. యార్డులో కాంటా ముల్లు ఎక్కడ ఆగిందో దూరం నుంచే చెబుతాడు. ఇన్నాళ్ళూ నేను ఆ సంగతి ఎందుకు ఆలోచించలేదు? ఫారం నింపిన రోజు ఆయన్ని బయట ఎందుకు నిలబెట్టాను?

రేపు పొద్దున అయిదున్నరకు లేవాలి. ఆరింటికి పై వరుస నుంచి విప్పడం మొదలు. మొదటి ఇటుక నేను తీస్తానని చెప్పాను. తొమ్మిదికల్లా పునాది దాకా దిగాలి. అప్పుడు హద్దురాయి నుంచి కొలిచి కొత్త ముగ్గు పోయాలి. టేపు ఒక చివర నేను హద్దు మీద పట్టుకుంటాను, రెండో చివర బా పట్టుకుంటాడు. అంకె బా చదువుతాడు, గట్టిగా, యాడికి కూడా వినపడేలా. ఆ తర్వాతే నేను దక్షిణం గడిలో రాస్తాను. పది గంటలకు ఇద్దరం కలిసి ఆఫీసుకు.